అమెరికా చదువు, ఇంటి పద్దు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్న పిల్లల గురించో, ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కు బయలుదేరబోతున్న పిల్లల గురించో ఉన్నాయి. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల మన విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు కనుక ఇది సహజమే. నేను కూడా అక్కడే చదువుకున్నాను కాబట్టి ఈసారి జవాబులన్నీ ఆ రాష్ట్రాన్ని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. అద్దె చట్టాలు, పన్నులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటాయి. వేరే రాష్ట్రాలకు వెళ్లేవారు తమ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర ఎమ్మెస్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. డబ్బు మిగల్చాలని రోజుకు ఒక్కపూటే తింటున్నాడని అతని రూమ్మేటు వాళ్లమ్మ చెబితే తెలిసింది. మొన్న వారం రోజులు జ్వరంతో మంచాన పడి కూడా బిల్లు ఎక్కువ వేస్తారన్న భయంతో డాక్టరు దగ్గరికి వెళ్లలేదట. అడిగితే ‘లోను తీరేదాకా ఇంతేనమ్మా’ అంటున్నాడు. వాడికి ఏం చెప్పమంటారు? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక మిగతావన్నీ పక్కన పెట్టి ముందుగా మీకే జవాబు రాయడం మొదలుపెట్టాను. ఇంటి మీద భారం తగ్గించాలన్న మీ అబ్బాయి తపన గొప్పదే, కాని అతను కోత పెట్టుకుంటున్న చోటు సరైనది కాదు. అక్కడ చదివే పిల్లల ఖర్చులో అన్నిటికన్నా పెద్దది ఫీజు, దాని తరువాత అద్దె, ఆ తరువాత హెల్త్ ఇన్సూరెన్సు. ఇంట్లో వండుకుని తినే తిండి వీటన్నిటికన్నా చిన్న పద్దు. నలుగురు కలిసి సరుకులు తెచ్చుకుని వండుకుంటే మనిషికి నెలకు 150 నుంచి 200 డాలర్లలో రెండు పూటలా కడుపునిండా తినవచ్చునని నా అంచనా. అందులో ఒక పూట మానేస్తే మిగిలేది మహా అయితే వంద డాలర్లు. ఆ వంద డాలర్ల కోసం నీరసించి, ఒక్క సబ్జెక్టులో గ్రేడు పోగొట్టుకుని మళ్లీ ఫీజు కట్టి చదవాల్సి వస్తే ఆ దెబ్బ వేల డాలర్లలో ఉంటుంది. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపిస్తే, ఇంజనీరింగు చదివిన పిల్లవాడు కాబట్టి, మీరు బతిమాలడం కన్నా అదే అతనికి బాగా ఎక్కుతుంది.

తిండి ఖర్చు తగ్గించే దారి పూట మానడం కాదు, బయట తినడం మానడం. టెక్సాస్‌లో బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు వంటి వండని ఆహారానికి అమ్మకం పన్ను లేదు. అదే తిండిని హోటల్లో కూర్చుని తింటే డాలస్, హ్యూస్టన్ వంటి నగరాల్లో 8.25 శాతం పన్ను పడుతుంది, దానిమీద టిప్పు ఇవ్వడం అక్కడి రివాజు. మెనూలో 12 డాలర్లని రాసి ఉన్న బిర్యానీ చేతికి వచ్చేసరికి 15 డాలర్లవుతుంది. శుక్రవారం రాత్రి స్నేహితులతో కలిసి వెళ్లే ఆ రెండు మూడు బిర్యానీల డబ్బుతో వారమంతా పప్పూ అన్నమూ పెరుగూ కూరా తినవచ్చు. మేము చదువుకునే రోజుల్లో నలుగురం ఒక ఇంట్లో ఉండేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం ఒకరు ఊరి నుంచి తెచ్చుకున్న ఐదు లీటర్ల కుక్కర్లో పప్పు పెడితే, ఇంకొకరు ఉల్లిపాయలు తరిగేవారు, మూడోవారు ఒక గిన్నెడు చింతపండు నానబెట్టి వారానికి సరిపడా పులిహోర పులుసు కాచేవారు. ఆ పులుసును సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, రాత్రి పదింటికి లైబ్రరీ నుంచి ఆకలితో వచ్చినప్పుడు అన్నం ఒక్కటి వండుకుంటే సరిపోయేది. ఇండియన్ స్టోర్‌లో ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి, అంటే సుమారు తొమ్మిది కిలోలు, నలుగురూ కలిసి కొనుక్కోవాలి. పాలు, గుడ్లు, కూరగాయలను మాత్రం ఆల్డీ, వాల్‌మార్ట్ వంటి దుకాణాల్లో తీసుకుంటే చవక. కూరగాయలకు కూడా ఇండియన్ స్టోర్‌కే వెళ్లేవారు తెలియకుండానే ఎక్కువ ఖర్చు పెడుతున్నారు.

మరొక మాట మీరు తప్పకుండా అతనికి చెప్పాలి. చాలా విశ్వవిద్యాలయాల్లో ‘ఫుడ్ ప్యాంట్రీ’ అనే గది ఉంటుంది. విద్యార్థి కార్డు చూపితే బియ్యం, పప్పు డబ్బాలు, పాస్తా, కొన్నిచోట్ల పాలు, పండ్లు కూడా ఉచితంగా ఇస్తారు. అది ఆ విద్యాసంస్థలో చదివే అందరి కోసం పెట్టినది. మన పిల్లలు పరువు తక్కువని అటు వెళ్లరు. గుడిలో ప్రసాదం తీసుకోవడానికి లేని నామోషీ దీనికి ఎందుకు? ఉద్యోగం వచ్చాక అతనే అదే గదికి నాలుగు బస్తాల బియ్యం ఇవ్వవచ్చు.

ఇక జ్వరం సంగతి. డాక్టరు దగ్గరికి వెళితే బిల్లు పేలిపోతుందన్న భయం సగమే నిజం. ఎక్కడికి వెళ్లామన్నదాన్ని బట్టి బిల్లు మారుతుంది. క్యాంపస్‌లోని స్టూడెంట్ హెల్త్ సెంటర్‌లో డాక్టరును చూడడానికి ఏమీ తీసుకోకపోవడమో, కొద్ది మొత్తం తీసుకోవడమో జరుగుతుంది, ఎందుకంటే దానికి సంబంధించిన రుసుము ఫీజులోనే కలిపి కట్టించుకుంటారు. సాధారణ జ్వరం, గొంతునొప్పి, విరేచనాలు వంటివాటికి మొదట అక్కడికే వెళ్లాలి. రాత్రిపూటో, సెలవురోజునో అయితే ‘అర్జెంట్ కేర్’ అనే చిన్న క్లినిక్కులు ఉంటాయి. వెళ్లేముందు అది తన ఇన్సూరెన్సు ‘నెట్‌వర్క్’లో, అంటే ఆ కంపెనీతో ఒప్పందం ఉన్న చోట్లలో, ఉందో లేదో ఫోను చేసి కనుక్కోవాలి. వేల డాలర్ల బిల్లు వచ్చేది ‘ఎమర్జెన్సీ రూమ్’ దగ్గర. ఛాతీ నొప్పి, ప్రమాదం, ఊపిరాడకపోవడం వంటివి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం కూడా డబ్బు గురించి ఆలోచించకుండా అక్కడికే వెళ్లాలి. ఒకవేళ పెద్ద బిల్లు వస్తే, ముందు వివరంగా విడగొట్టిన బిల్లు అడగాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ పేదలకు బిల్లు తగ్గించే ఆర్థిక సహాయ విధానం రాతపూర్వకంగా ఉండి తీరాలని అక్కడి పన్ను చట్టం చెబుతుంది కాబట్టి, దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తన ఇన్సూరెన్సు పాలసీలో ‘డిడక్టిబుల్’ ఎంత, అంటే కంపెనీ చెల్లించడం మొదలుపెట్టేలోగా మనం ఎంత భరించాలి అన్నది మీ అబ్బాయిని ఈ వారమే చదివి మీకు చెప్పమనండి. జబ్బు పడిన రోజున అది చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నాకు ఎమ్మెస్ అడ్మిట్ వచ్చింది. మా నాన్నగారు ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. ఖర్చు తగ్గించుకోవడానికి అందరూ చిన్న చిన్న చిట్కాలే చెబుతున్నారు. పెద్ద మొత్తం ఆదా చేసే మార్గాలు ఏమైనా ఉన్నాయా? – ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఉన్నాయి, కాని అవి విమానం ఎక్కకముందే మొదలుపెట్టవలసినవి. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆ రాష్ట్రంవారికి ఒక ఫీజు, బయటివారికి దానికి ఎంతో ఎక్కువ ఫీజు ఉంటాయి. ఒక్కో క్రెడిట్‌కు, అంటే కోర్సును కొలిచి ఫీజు లెక్కకట్టే యూనిట్‌కు, తేడా వందల డాలర్లలో ఉంటుంది. అయితే అక్కడి విద్యా చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. టెక్సాస్ విద్యార్థులతో సహా అందరితో పోటీపడి, సంవత్సరానికి కనీసం 1,000 డాలర్ల ‘కాంపిటీటివ్ స్కాలర్‌షిప్’ సంపాదించిన బయటి విద్యార్థికి, విదేశీయుడైనా సరే, ఆ రాష్ట్రంవారి ఫీజే వర్తింపజేయవచ్చు. క్రెడిట్‌కు 400 డాలర్ల తేడా ఉందనుకుంటే, 30 క్రెడిట్ల కోర్సులో ఆ వెసులుబాటు విలువ 12,000 డాలర్లు. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్పే కదా అని మన పిల్లలు దరఖాస్తు కూడా పెట్టకుండా వదిలేస్తారు, దాని వెనక ఉన్న పన్నెండు వేలు వారికి కనిపించవు. ప్రతి స్కాలర్‌షిప్‌కూ ఈ మినహాయింపు ఉండదు, ఎందరికి ఇవ్వవచ్చుననే దానికి పరిమితి కూడా ఉంది. కాబట్టి మీ డిపార్ట్‌మెంటుకు, గ్రాడ్యుయేట్ స్కూలుకు, స్కాలర్‌షిప్ కార్యాలయానికి విడివిడిగా మెయిలు రాసి, ‘ఈ స్కాలర్‌షిప్‌తో నాన్ రెసిడెంట్ ట్యూషన్ మినహాయింపు వస్తుందా, గడువు ఎప్పుడు’ అని సూటిగా అడగండి. ఈసారి రాకపోతే మొదటి సెమిస్టరు గ్రేడ్లు వచ్చాక మళ్లీ పెట్టవచ్చు. ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు ఈ చట్టం వర్తించదు.

రెండోది అసిస్టెంట్‌షిప్. ప్రొఫెసరు పరిశోధనలోనో, బోధనలోనో వారానికి 20 గంటలు సహాయకుడిగా చేరితే జీతం రావడమే కాక, టెక్సాస్ చట్టం ప్రకారం తన కోర్సుకు సంబంధించిన బోధన లేదా పరిశోధన పనిలో సగం సమయం ఉద్యోగిగా ఉన్నవారికి స్థానికుల ఫీజే పడుతుంది. దీనికోసం వందమంది ప్రొఫెసర్లకు ఒకే మెయిలు పంపడం వృథా. ఇద్దరు ముగ్గురి పరిశోధన పత్రాలు నిజంగా చదివి, అందులో మీకు అర్థమైన ఒక విషయాన్ని, మీరు చేయగలిగిన ఒక పనిని రాయండి. క్లాసులు మొదలైన మొదటి రెండు వారాల్లో వారి గదికి వెళ్లి ముఖాముఖి మాట్లాడినవారికి అవకాశం దొరకడం నేను చాలాసార్లు చూశాను.

మూడోది మన దగ్గరే ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీ విద్యార్థులకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పేరిట 20 లక్షల రూపాయల వరకు సహాయం ఇస్తోంది. ఆదాయ పరిమితి, మార్కుల నిబంధనలు ఉంటాయి. ఈ-పాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. డబ్బు చేతికి రావడానికి సమయం పట్టవచ్చు కనుక మొదటి సెమిస్టరు ఖర్చుకు దాని మీద ఆధారపడకండి.

పుస్తకాల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే అక్కడ ఒక్క పాఠ్యపుస్తకానికి వందా రెండు వందల డాలర్లు అడగడం మామూలే. అదే పుస్తకం ఇండియన్ ఎడిషన్ కోఠిలోనో, విజయవాడ ఏలూరు రోడ్డులోనో వందల రూపాయల్లో దొరుకుతుంది. ఇలాంటి చవక ప్రతులను అమెరికాకు తెచ్చుకోవడం, తరువాత అమ్ముకోవడం తప్పేమోనని కొందరికి సందేహం. థాయ్‌లాండ్ నుంచి వచ్చి అమెరికాలో చదువుకున్న సుపాప్ కిర్ట్‌సెంగ్ అనే విద్యార్థి, తన దేశంలో బంధువులు చవగ్గా కొని పంపిన పుస్తకాలను అమెరికాలో అమ్మితే, జాన్ వైలీ అనే ప్రచురణ సంస్థ అతని మీద దావా వేసింది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఆ విద్యార్థి పక్షానే తీర్పు చెప్పింది. కాబట్టి భయం అక్కరలేదు. అయితే ఇండియన్ ఎడిషన్లలో అధ్యాయాల చివరి లెక్కలు మారి ఉండవచ్చు. హోంవర్కు చేసేటప్పుడు లైబ్రరీలో ‘రిజర్వు’లో ఉంచిన అక్కడి ప్రతితో సరిచూసుకోవాలి. అసలు సిలబస్ రాకముందే ఏ పుస్తకమూ కొనకండి, సగం కోర్సుల్లో ప్రొఫెసరు ఇచ్చే నోట్సే సరిపోతాయి.

ప్రశ్న: నలుగురు స్నేహితులం కలిసి డాలస్‌లో రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్ తీసుకోబోతున్నాం. యూనివర్సిటీకి ఇరవై మైళ్ల దూరంలో మనిషికి 120 డాలర్లు తక్కువకు ఇల్లు దొరుకుతోంది. అక్కడికి వెళ్లమంటారా? లీజు విషయంలో ఏమేం చూసుకోవాలి? – ఒక విద్యార్థిని, డాలస్

జవాబు: వెళ్లవద్దు. ఆ 120 డాలర్ల కోసం కారు కొనవలసి వస్తుంది. కారంటే దాని ధర ఒక్కటే కాదు. కొత్తగా లైసెన్సు తీసుకున్న ఇరవై మూడేళ్లవారికి ఇన్సూరెన్సే ప్రతి నెలా ఆ మిగులును మింగేస్తుంది, పెట్రోలు, రిపేర్లు, పార్కింగు పర్మిట్టు వేరే. బస్సు మార్గంలో ఉన్న ఇల్లు కొంచెం ఎక్కువ అద్దె అయినా మేలు. చాలాచోట్ల విద్యార్థి కార్డు మీద సిటీ బస్సు ఉచితం.

లీజు విషయంలో మీరు నలుగురూ తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. నలుగురి సంతకాలతో ఒకే లీజు ఉంటే, సాధారణంగా ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులు. ఒకరు ఉద్యోగం వచ్చిందనో, మనస్పర్థలు వచ్చాయనో మధ్యలో వెళ్లిపోతే ఆ వాటా మిగిలిన ముగ్గురి మీద పడుతుంది. ఎవరైనా వెళ్లాలంటే తన బదులు ఒకరిని చూపించి, యాజమాన్యం అనుమతితో లీజులో పేరు మార్పించి వెళ్లాలని ముందే మాట అనుకుని, ఒక కాగితం మీద నలుగురూ సంతకాలు పెట్టుకోండి. స్నేహితుల మధ్య కాగితాలెందుకని అనుకోవద్దు. అద్దె దగ్గర చెడిన స్నేహాలు నేను చాలా చూశాను.

డిపాజిట్ సంగతి నా అనుభవంతో చెబుతాను. మేము ఇల్లు ఖాళీ చేసినప్పుడు వంటగట్టు మీద పసుపు మరక, స్టవ్ పక్కన కార్పెట్ మీద పోపు నూనె చుక్కలు ఉన్నాయని మా డిపాజిట్‌లో చాలా భాగం కోసేశారు. పసుపు మరక మాదే, ఒప్పుకోవాలి. కాని కార్పెట్ మీది చుక్కలు మేము చేరకముందు నుంచే ఉన్నాయి. అది నిరూపించడానికి మా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. కాబట్టి తాళాలు తీసుకున్న రోజునే, సామాను లోపల పెట్టకముందే, ప్రతి గదినీ, కార్పెట్‌నీ, సింకు కిందనీ, ఫ్రిజ్ లోపలనీ తేదీ పడేలా వీడియో తీసి, వారిచ్చే తనిఖీ పత్రంలో ప్రతి గీతా రాసి, నకలు మెయిలు చేయండి. స్టవ్ చుట్టూ అల్యూమినియం రేకు అతికించుకుంటే మన పోపుల నుంచి గోడలు బతుకుతాయి. ఖాళీ చేసేటప్పుడు కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇవ్వడం మరవకండి. టెక్సాస్ చట్టం ప్రకారం ఖాళీ చేసిన 30 రోజుల్లోగా డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, కోత పెడితే కారణాల జాబితా ఇవ్వాలి. కాని మీరు చిరునామా రాసి ఇచ్చేదాకా ఆ బాధ్యత వారిపై పడదు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు డబ్బు కోయకూడదు.

కరెంటు విషయంలో కూడా జాగ్రత్తపడండి. డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి. ‘పవర్ టు ఛూజ్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ప్లాన్లన్నీ పోల్చుకోవచ్చు. అన్నిటికన్నా పైన చవగ్గా కనిపించే ప్లాన్లలో కొన్ని, నెలకు సరిగ్గా 1,000 యూనిట్లు దాటితేనే రాయితీ ఇచ్చేలా కట్టినవి. మీరు శీతాకాలంలో 600 యూనిట్లే వాడితే యూనిట్ ధర పెరిగిపోతుంది. ప్రతి ప్లానుకూ 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర సగటు ధర ఎంతో చూపే పత్రం తప్పనిసరిగా ఉంటుంది. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్న ప్లానునే తీసుకోండి.

ప్రశ్న: క్యాంపస్‌లో ఉద్యోగం దొరకలేదు. తెలిసిన అన్నయ్య ఒకరు గ్యాస్ స్టేషన్‌లో రాత్రిపూట పని ఇప్పిస్తానంటున్నారు, డబ్బు చేతికే ఇస్తారట. అందరూ చేస్తున్నదే కదా? – పేరు రాయవద్దన్న విద్యార్థి

జవాబు: చేయకండి తమ్ముడూ. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో అంతకన్నా ఎక్కువ, క్యాంపస్‌లోనే పనిచేయవచ్చు. బయట అనుమతి లేకుండా ఒక్క రోజు పనిచేసినా స్టేటస్, అంటే అక్కడ విద్యార్థిగా ఉండే చట్టబద్ధ హోదా, పోతుంది. అది పోతే మీరు కట్టిన ఫీజు, మీ నాన్నగారు పెట్టిన తాకట్టు, ముందు రాబోయే ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగం అక్కడ చేసుకునే అనుమతి), అన్నీ ఒక్కసారిగా మునుగుతాయి. చేతికిచ్చే డబ్బుకు రసీదు ఉండదు కాబట్టి, నెలంతా పనిచేయించుకుని ఇవ్వకపోయినా ఫిర్యాదు చేయడానికి మీరే భయపడతారు. అది ఆ యజమానికి బాగా తెలుసు.

అసలు లెక్క చూడండి. అమెరికాలో కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు, టెక్సాస్‌లోనూ అదే. క్యాంపస్‌లో ఆ రేటుకే 20 గంటలు చేసినా వారానికి 145 డాలర్లు, పదహారు వారాల సెమిస్టరుకు 2,320 డాలర్లు వస్తాయి. ఫీజు కట్టడానికి అది చాలదు, కాని తిండి, ఫోను, కరెంటు ఖర్చులు అందులోనే వెళ్లిపోతాయి. సెమిస్టరు చివర్లో, అంటే డిసెంబరులోనూ మే నెలలోనూ, పాతవారు చదువు పూర్తి చేసుకుని వెళ్లిపోతుంటే భోజనశాల, లైబ్రరీ, వ్యాయామశాలల్లో ఖాళీలు వస్తాయి. రోజూ యూనివర్సిటీ ఉద్యోగాల పోర్టల్ చూస్తూ, ఆ చోట్ల పనిచేస్తున్న సీనియర్లకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా అమ్మాయి చదువుకు బ్యాంకు 30 లక్షల లోను మంజూరు చేసింది. మొత్తం ఒకేసారి తీసి అమ్మాయి ఖాతాలో వేస్తే మంచిదని కన్సల్టెన్సీవారు అంటున్నారు. విదేశాలకు పంపితే పన్ను కోస్తారని కూడా విన్నాను. – ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: అయ్యా, ఒకేసారి తీయకండి. బ్యాంకు విడుదల చేసిన మొత్తానికే వడ్డీ లెక్క కడుతుంది, మంజూరైన మొత్తానికి కాదు. సెమిస్టరు ఫీజు కట్టవలసిన తేదీకి ముందు ఆ సెమిస్టరుకు కావలసినంతే విడుదల చేయించుకుంటే, మిగిలినదాని మీద ఆరు నెలలో, ఏడాదో, ఏడాదిన్నరో వడ్డీ మిగులుతుంది. 10 లక్షలు ఒక ఏడాది ఆలస్యంగా తీసుకుంటే, పది శాతం వడ్డీ లెక్కన, లక్ష రూపాయలు మీ చేతిలో ఉన్నట్టే. దీనికి ఎదురుగా ఒక విషయం కూడా ఆలోచించాలి. రూపాయి పడిపోతే తరువాతి సెమిస్టరు ఫీజుకు ఎక్కువ రూపాయలు కావాలి. 2025 డిసెంబరులో డాలరు తొలిసారిగా 90 రూపాయలు దాటింది. అందుకే 30 లక్షల్లో చివరి రూపాయి దాకా ఖర్చుకు లెక్క వేసుకోకుండా, నాలుగైదు లక్షలు ఈ తేడా కోసమే విడిగా ఉంచుకోవాలని నా సలహా. అంతేకాని దాని కోసం మొత్తం ముందే తీయడం నష్టం.

చదువుతున్న రోజుల్లో కంతులు కట్టనక్కరలేదని బ్యాంకువారు మామూలుగా చెప్పేది నిజమే, కాని వడ్డీ ఆగదు. ఆ వడ్డీ చివరికి అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ నడుస్తుంది. 10 లక్షలు విడుదలైతే పది శాతం చొప్పున నెలకు సుమారు 8,300 రూపాయల వడ్డీ. అది నెలనెలా కట్టగలిగితే కట్టేయండి. అలా కట్టేవారికి కొన్ని బ్యాంకులు వడ్డీ రేటులో రాయితీ కూడా ఇస్తాయి, మీ బ్రాంచిలో అడిగి రాయించుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, చెల్లించిన విద్యారుణ వడ్డీ మీద ఎనిమిదేళ్ల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది.

మీరు విన్న పన్ను టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. బ్యాంకు వంటి గుర్తింపు ఉన్న సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణంతో పంపే డబ్బుకు 2025 ఏప్రిల్ 1 నుంచి అది లేనే లేదు. సొంత డబ్బు పంపితే ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల వరకు లేదు, దాటిన మొత్తం మీదే పడుతుంది. ఈ పరిమితి పంపేవారి పాన్ నంబరును బట్టి ఉంటుంది కాబట్టి, మీరు కొంత, మీ భార్యగారు తమ పొదుపులోంచి కొంత పంపవచ్చు. ఒకవేళ కోసినా అది పోయిన డబ్బు కాదు, రిటర్ను దాఖలు చేసి తిరిగి తీసుకోవచ్చు.

నిజంగా పోయే డబ్బు మారకపు రేటులో ఉంది. మీరు డాలర్లు పంపించమన్నప్పుడు బ్యాంకు వేసే రేటుకూ, ఆ రోజు మార్కెట్ రేటుకూ ఒక రూపాయి తేడా ఉంటే 20,000 డాలర్ల మీద 20,000 రూపాయలు. ‘ఛార్జీలు లేవు’ అని చెప్పేవారు ఈ రేటులోనే తమ లాభం చూసుకుంటారు. ఒకే రోజున, ఒకే గంటలో, మీ బ్యాంకును, మరో బ్యాంకును, యూనివర్సిటీ సూచించిన చెల్లింపు సంస్థను అడిగి, ‘ఇన్ని డాలర్లు అక్కడ జమ కావడానికి నా ఖాతాలోంచి మొత్తం ఎన్ని రూపాయలు పోతాయి’ అన్న ఒక్క అంకెనే పోల్చండి.

మీ కన్సల్టెన్సీవారు వీసాకు చూపించడానికి ఖాతాలో కొన్నాళ్లు డబ్బు వేసి ఉంచుతాం, దానికి వడ్డీ ఇవ్వండి అని కూడా అంటే మాత్రం అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఆ వడ్డీ దండగ. అబద్ధపు పత్రంతో అమ్మాయి వీసా మీద పడే మచ్చ ఎన్నేళ్లయినా పోదు.

ప్రశ్న: నిరుడు క్యాంపస్‌లో పనిచేసి కొద్దిగా సంపాదించాను. టాక్స్ ఫైల్ చేయాలా? నా స్నేహితుడికి ఏదో ఎక్కువ రిఫండ్ వచ్చిందట. – ఒక విద్యార్థి, హ్యూస్టన్

జవాబు: చేయాలి. ఎఫ్-1 మీద వచ్చి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటనివారు పన్ను లెక్కల్లో సాధారణంగా నాన్ రెసిడెంట్లు కాబట్టి, మీరు వేయవలసినది 1040-ఎన్ఆర్ ఫారం, దానితోపాటు 8843. సంపాదన ఏమీ లేకపోయినా 8843 పంపాలి. జీతం ఉంటే గడువు ఏప్రిల్ 15, లేకపోతే జూన్ 15.

మామూలుగా నాన్ రెసిడెంట్లకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలోంచి పన్ను లేకుండా తీసివేసే నిర్ణీత మొత్తం, ఉండదు. కాని భారత్, అమెరికాల పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థులకు అది ఉంది. 2025 సంవత్సరానికి పెళ్లికానివారికి అది 15,750 డాలర్లు. అంతకు లోపు జీతం మాత్రమే ఉన్న విద్యార్థికి కోసిన ఫెడరల్ ఆదాయపు పన్ను మొత్తం వెనక్కి వస్తుంది. అలాగే మీ పే స్టబ్‌లో (జీతం చీటీలో) సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పేరిట 7.65 శాతం కోస్తున్నారేమో చూడండి. నాన్ రెసిడెంట్ ఎఫ్-1 విద్యార్థికి అవి వర్తించవు, పొరపాటున కోస్తే పేరోల్ కార్యాలయంలో అడిగి వెనక్కి తీసుకోవాలి.

మీ స్నేహితుడికి ఎక్కువ వచ్చిందంటే, బహుశా అతను స్థానికులు వేసే మామూలు 1040 వేసి, తనకు హక్కులేని విద్యా రాయితీలు తీసుకుని ఉండవచ్చు. అది తరువాత వడ్డీతో కట్టవలసి వస్తుంది, వీసా మార్చుకునేటప్పుడు ప్రశ్నలూ వస్తాయి. సరైన ఫారంతో సవరించుకోమని అతనికి ఇప్పుడే చెప్పండి. నాన్ రెసిడెంట్ల కోసం పనిచేసే స్ప్రింటాక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌కు చాలా విశ్వవిద్యాలయాలు ఉచిత కోడ్లు ఇస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం పంపే మెయిళ్లను తెరిచి చూడండి.

ప్రశ్న: రెండు పెట్టెల్లో ఏం పెట్టుకుంటే అక్కడ డబ్బు మిగులుతుంది? – ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ప్రెషర్ కుక్కరు, దానికి రెండు అదనపు గ్యాస్‌కెట్లు, పోపు గరిటె, ఒక జత అదనపు కళ్లద్దాలు. పళ్ల డాక్టరు దగ్గర చేయించుకోవలసిన పనులన్నీ ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్లండి, ఎందుకంటే విద్యార్థుల ఇన్సూరెన్సులో పళ్లకు, కళ్లకు తరచుగా ఏమీ ఉండదు. రోజూ వాడే మందులుంటే డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి. దుప్పట్లు, చలికోట్లు ఇక్కడ కొనకండి. డాలస్‌లో నవంబరుదాకా వాటి అవసరం పెద్దగా రాదు, ఆలోగా వెళ్లిపోయే సీనియర్లు పరుపు, దుప్పటి, రైస్ కుక్కరు అన్నీ దాదాపు ఉచితంగా ఇచ్చేస్తారు. ఆవకాయ, గోంగూర పచ్చడి నూనె కారకుండా సీల్ వేయించుకుని పెట్టుకోండి. మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. కస్టమ్స్ పత్రంలో తినే వస్తువులున్నాయా అని అడిగినచోట ఉన్నాయనే రాయండి.